రావాల్సిన చిల్లర

మూడు ముప్పావుకు అలారం.
మూడున్నరకే మెలకువ వస్తాది.
ఆ పావుగంట నాదే అనుకుంటా.
అంతలో చిన్నోడు రొమ్ము వెతుక్కుంటా
చీకట్లో పాక్కుంటా వస్తాడు.
పావుగంట వాడిది.

ఐదూ పదికి డిపోలో సంతకం.
అనంతపురం, ఆత్మకూరు, కళ్యాణదుర్గం,
పోయేది రెండుసార్లు, వచ్చేది రెండుసార్లు,
డబుల్ డ్యూటీ అయితే మూడు.
ఖాకీ చొక్కా జేబులో పెన్ను, రెండ్రూపాయల బిళ్ళలు,
ఒక పాలసీసా మూత.
అది ఎప్పుడు వేసుకున్నానో గుర్తుకు లేదు.

ఆడోళ్లకు ఇప్పుడు సున్నా టికెట్.
మిషన్ నాలుక చాపి
సున్నా, సున్నా, సున్నా అని కక్కుతాంటాది.
కార్డు చూపించక్కా అంటే
చెనిక్కాయల మూట మీద కూర్చున్న ఒకామె
"నా మొగమే కార్డు, చూసుకో పాపా" అంటాది.
నవ్వాల.
నవ్వాలంటే మొగం పైకెత్తాల.
ఆ పొద్దుకు మొగం కూడా బరువే.

"నీకేమి వదినా, గవర్నమెంటు నౌకరీ,
బస్సులో కూర్చోని పోయేదే కదా"
అంటాది మా ఆడబిడ్డ వన్నూరమ్మ.
కూర్చోని!
నా సీట్లో కూర్చోనుండేది నా టిఫిన్ క్యారియరు.
కళ్యాణదుర్గం దాకా నేను పోయేది నిలబడి.

రాత్రి క్యాషు తక్కువ పడితే చేతి నుంచి కట్టాల.
నలభై రూపాయలు, పన్నెండు రూపాయలు,
మారుమాట లేకుండా ఎన్నిసార్లో కట్టినా.
నిద్ర లెక్కా అట్లాగే.
మోక్షిత పుట్టినప్పటి నుంచి తక్కువే పడతాండాది,
ఐదేండ్ల తక్కువ.
దేంట్లోంచి తీసి కడతాండానో నాకే తెలీదు.
జుట్టులోంచి కొంచెం.
మాటలోంచి కొంచెం.
మొన్న చారులో ఉప్పుకు బదులు చక్కెర వేసినా,
అదీ ఆ ఖాతాలోనే.

నిన్న సాయంత్రం ఆత్మకూరు స్టేజీలో
ఒకామె మెట్టు మీద కాలు పెట్టకముందే
"పట్టుకో అక్కా" అని బిడ్డను నా చేతిలో పెట్టి
సంచుల కోసం వెనక్కి తిరిగింది.
బిడ్డ ఏడవలేదు.
నన్ను ఒకసారి చూసి
ఖాకీ భుజం మీద చెంప వాల్చి
నిద్రపోయింది, స్విచ్చు తీసేసినట్టు.
అంత సులభమా అది!
జనంలో ఇరుక్కోని ఆమె వెనకే నిలబడిపోయింది.
నేను ఒంటి చేత్తో టికెట్లు కొట్టినా.
చొక్కా ఎడమపక్క తడిసింది.
ఎవరి బిడ్డో పాలకేం తెలుసు?
క్యాషు బ్యాగు అడ్డం పెట్టుకున్నా.
కిటికీ అవతల కొండల మీద గాలిమరలు,
అవీ నిలబడే తిరుగుతాండాయి.
పది కిలోమీటర్లు
పరాయి నిద్ర నా మెడ మీద వెచ్చగా.
చెప్పకూడదు గానీ
ఆమె దిగేటప్పుడు బిడ్డను తిరిగి ఇచ్చేదానికి
ఒక స్టేజీ ముందు నుంచే
మనసును సముదాయించుకోవాల్సి వచ్చింది.

ఇల్లు చేరేసరికి తొమ్మిదీ ఇరవై.
మా పెన్నోబులేసు తాడిపత్రి క్వారీలో,
ఆదివారం వస్తాడు, వస్తే ఆయనా నిద్రపోతాడు.
గౌసియా ఆంటీ ఇంట్లోంచి చిన్నోణ్ణి ఎత్తుకొచ్చినా.
వాడి తలలో ఆంటీ ఇంటి తిరగమోత వాసన.

మోక్షిత మేల్కోనే ఉండాది.
దిండ్లు వరసగా పేర్చి బస్సు చేసింది.
ఈల లేదు, నాలుకతోనే ఊదతాండాది.
"ముందుకు జరగండి, ముందుకు జరగండి!"
గొంతు నాదే.
విసుగు కూడా, అచ్చంగా.
వాడేసిన టికెట్ల కట్ట పట్టుకోని
"యాడికమ్మా?" అనింది.
ఏదో ఒక ఊరు చెప్పాల.
రోజుకు అరవైసార్లు పిలిచే ఊర్లు
ఒక్కటీ నోటికి రాలేదు.
చెప్పులు కూడా విప్పకుండా
వెనక సీటు దిండు మీద తల పెట్టినా.
"చిల్లర లేదు, వెనకాల రాసినా,
దిగేటప్పుడు తీసుకో" అని
నా నుదుటి మీద ఒక టికెట్ అంటించింది.

ఆ తర్వాత ఏమి జరిగిందో తెలీదు.

మూడున్నరకు మెలకువ వచ్చింది.
చెమటకు అతుక్కోని టికెట్ నుదుటి మీదే ఉండాది.
వెనకాల పెన్ను గీతలు చేతికి తగిలినాయి.
నాకు ఎంత రావాల్నో
లైటు వేసి చూడొచ్చు.
వేయలేదు.
చీకట్లో చిన్నోడు
పాక్కుంటా వస్తాండాడు.